ఎగిరే తొండలూ, ఓనర్ తాత పావురాలూ

ఆ రోజుల్లో మా ఇంట్లో పొద్దున లేవగానే ఎవరైనా అడిగే మొదటి మాట "పాలు వచ్చాయా?" కాదు, "ఇవాళ బంద్ ఉందా?" ఉందంటే నాన్న మొహం వాడిపోయేది, అమ్మకి కూరగాయల బెంగ పట్టుకునేది, నా మొహం మాత్రం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోయేది. (తెలంగాణ ఉద్యమాన్ని మనస్ఫూర్తిగా సమర్థించిన గుంటూరు వాళ్లెవరని ఎవరైనా లెక్క తీస్తే నా పేరు మొదట రాయాలి. కారణం మాత్రం అడక్కూడదు.) బంద్ అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల షట్టర్లన్నీ దిగిపోయేవి. మా ఇంటర్ కాలేజీ గేటుకి తాళం పడేది. ఫిజిక్స్ సారు ఆ ముందు రోజు ఇచ్చిన లెక్కలు నిజంగానే దేవుడికెరుక అయిపోయేవి. కాలేజీ లేకపోతే మాకు కంప్యూటర్ ఉంది. కంప్యూటర్‌లో డైనోసార్ల పార్కు ఉంది. ఆ వయసులో మనిషికి ఇంకేం కావాలి?

మేం ఉండేది బస్ డిపో వెనకాల, రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోక తప్పని సందులో. కింది పోర్షన్‌లో ఇంటి ఓనర్ వాళ్లు, పై పోర్షన్‌లో కిరాయికి మేము, మా నెత్తి మీద డాబాపైన ఓనర్ తాత పావురాలు. అంటే కింద తెలంగాణ, మధ్యలో ఆంధ్ర, పైన ఏ ప్రాంతానికీ చెందని జీవాలు. తాత బాలాపూర్ అవతల ఏదో ఊరి నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. పెద్ద మీసం, గళ్ల లుంగీ, చేతిలో ఎప్పుడూ జొన్నల డబ్బా. పొద్దునా సాయంత్రమూ డాబా ఎక్కి పావురాలను ఆకాశంలోకి విడవడం, డబ్బా గలగలలాడించి "ఆవ్ ఆవ్ ఆవ్" అని పిలిచి దింపడం, ఇదీ ఆయన ఉద్యోగం. టీవీలో ఉద్యమం వార్తలు కూడా శ్రద్ధగా చూసేవాడు కానీ, పావురాల వేళ అయిందంటే ఎంత పెద్ద నాయకుడు మాట్లాడుతున్నా టీవీ కట్టేసి లేచిపోయేవాడు.

ఆయన మనవడు నా క్లాస్‌మేటు. మనిషి సన్నం, పొడుగు మాత్రం సీలింగ్ ఫ్యానుకి ప్రమాదం. అందుకే కాలేజీలో అందరూ వాణ్ని పిల్లర్ అనేవాళ్లు. ఊరేగింపుల్లో జెండా వాడి చేతికే ఇచ్చేవాళ్లు, ఇంకో కర్ర అవసరం ఉండదని. వాడు నన్ను గుంటూరూ అని పిలిచేవాడు. మా ఇద్దరి స్నేహం నిలబడింది ఒక గొప్ప అవసరం మీద. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొన్న ఆ గేమ్ సీడీ వాడిది, కంప్యూటర్ మాది. వాళ్లింట్లో కంప్యూటర్ లేదు, సీడీ లేకుండా మా కంప్యూటర్‌లో ఆ ఆట నడవదు. రాజకీయాల్లో దీన్నే పొత్తు అంటారు. బంద్ రోజున వాడు పొద్దున్నే చౌరస్తాకి పోయి కాసేపు నినాదాలిచ్చి, ఆ దుమ్ముతోనే మా ఇంటికొచ్చి, "జరుగు గుంటూరూ" అని కుర్చీలో సగం ఆక్రమించేవాడు.

ఆట ఏమిటంటే, మనకొక దీవి ఇస్తారు. అందులో డైనోసార్ల గుడ్లు పొదిగించాలి, కంచెలు కట్టాలి, మేత వెయ్యాలి. టికెట్టు కొనుక్కుని వచ్చే జనానికి ఐస్‌క్రీమ్ బండ్లూ మరుగుదొడ్లూ పెట్టాలి. జనం సంతోషిస్తే పార్కుకి నక్షత్రాలు పెరుగుతాయి, జనాన్ని డైనోసార్లు తింటే తగ్గుతాయి. వినడానికి తేలికే. కానీ మొదటి రోజే పార్కుకి పేరేం పెట్టాలన్న దగ్గర మాకు గొడవొచ్చింది. నేను మా జిల్లా పేరన్నాను, వాడు సరూర్‌నగర్ అన్నాడు. మాటా మాటా పెరిగి, పార్కు మధ్యలో కంచె వేసి పంచుకునేదాకా వెళ్లింది. దీవిలో ఉన్న ఒకే ఒక్క వాగు వాడి వైపు పుట్టి నా వైపు పారుతుంది, మెయిన్ గేటేమో వాడి వైపు ఉంది. "గేటు ఇద్దరిదీ" అన్నాను నేను. "ఎట్లయితది? గేటు మా దిక్కుంది, మాదే" అన్నాడు వాడు. "మరి ఐస్‌క్రీమ్ బండ్లన్నీ పెట్టింది నేను కదా" అన్నాను. "ఎవడు పెట్టమన్నడు? ముందు వాగు లెక్క తేల్చు. నీళ్లు మా దిక్కుకెల్లి పోతున్నయ్, తాగేటివన్నీ నీ జంతువులే" అన్నాడు. పక్కగదిలో పేపరు చదువుతున్న నాన్న, "ఒరేయ్, టీవీలో సరిపోలేదా? ఇంట్లో కూడానా?" అని అరిచాడు.

నాన్నది అసలే బెదురు గుండె. దానికి తోడు గుంటూరు నుంచి పెదనాన్న ఫోన్లు. టీవీ వాళ్లు ఎల్బీనగర్ చౌరస్తాలో తగలబడుతున్న ఒక్క టైరునే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పి తిప్పి చూపిస్తుంటే, పెదనాన్న అది చూసిన ప్రతిసారీ కొత్త టైరనుకుని ఫోన్ చేసేవాడు. "ఇంకా అక్కడే ఉన్నారా? అది మీ ఇంటి ముందేగా?" అనేవాడు. ఆ సమయానికి మా ఇంటి ముందు తాత అరుగు మీద కూర్చుని జొన్నల్లో రాళ్లు ఏరుతూ ఉండేవాడు. అయినా చెప్పుడు మాటలు రోజూ వింటే గోడకైనా పగులొస్తుంది. ఒక సాయంత్రం నాన్న మమ్మల్ని కూర్చోబెట్టి, తను ట్రాన్స్‌ఫర్ దొరికేదాకా ఇక్కడే ఒక గదిలో ఉంటాననీ, అమ్మా నేనూ సామానుతో సహా గుంటూరులో పెదనాన్న ఇంటి పైవాటాకి వెళ్లిపోతున్నామనీ చెప్పాడు. వచ్చే ఆదివారమే ప్రయాణం.

నాకు ఏడుపొచ్చింది. పైకి మాత్రం, కాలేజీ మధ్యలో మారితే చదువు పాడవుతుందని వాదించాను. (నా నోట చదువు మాట విని నాన్న ఒక్క క్షణం నిజంగానే ఆలోచనలో పడ్డాడు.) అమ్మ వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలుపెట్టింది. కింద తాతకి విషయం చెప్పడానికి నాన్న వెళ్తే నేనూ వెనకే వెళ్లాను. "పెద్దాయనా, ఇల్లు ఖాళీ చేస్తున్నామండీ. మిమ్మల్ని ఏమీ అనుకుని కాదు" అని నాన్న నసిగాడు. తాత చాలాసేపు మీసం సవరించుకున్నాడు. "మిమ్మల్ని ఎవరన్న ఏమన్న అన్నరా సారూ?" అని అడిగాడు. "అయ్యో, లేదండీ." "మరేంది?" నాన్న చెప్పుల కోసం వెతుక్కున్నాడు. "భయం" అన్న మాట ఆ మనిషి మొహం చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. "సరే, మీ ఇష్టం" అని తాత డాబా మెట్లెక్కాడు, అది పావురాల వేళ కాకపోయినా.

పిల్లర్‌గాడికి చెబితే వాడు కంచె పంపకాలన్నీ మర్చిపోయి, "మరి మన తొండలు?" అన్నాడు. తొండలంటే మా ఆటలో ఆఖరి ఘట్టం. ఎగిరే బల్లులు. తోలు రెక్కలు, బారెడు ముక్కు, తల వెనక గొడ్డలిలాంటి ఎముక. వాటి అసలు పేరు పలకాలంటే నోరు తిరగదు కాబట్టి సీడీ కవరు మీది బొమ్మ చూసి తాత పెట్టిన 'ఎగిరే తొండలు' అన్న పేరే స్థిరపడిపోయింది. మామూలు డైనోసార్లకి కంచె చాలు. వీటికి చుట్టూ పైనా మూసేసిన పెద్ద గాజు గుమ్మటం కట్టాలి. అవి గుడ్లలోంచి బయటికొచ్చి ఆట లెక్కన ఒక నెల గుమ్మటంలో ఎగిరితేనే పార్కుకి ఆఖరి నక్షత్రం వస్తుంది. కంప్యూటర్ డబ్బాలోకి వెళ్లిపోయేలోగా ఆ నక్షత్రం సాధించాలని ఇద్దరం ఒట్టేసుకున్నాం. వాడు చౌరస్తాకి పోవడం కూడా తగ్గించాడు. ఆ వారం ఉద్యమంలో జెండా కొంచెం కిందికి దిగి కనిపించిందంటే దానికి కారణం నేనే.

గుమ్మటం ఎవరి వైపు కట్టాలన్న సమస్య వచ్చింది కానీ ఎక్కువసేపు నిలవలేదు. "నడుమ కట్టు, ఇద్దరిది" అన్నాడు పిల్లర్. సరిహద్దు మీద కట్టబోతే కంచె అడ్డమని ఆట ఒప్పుకోలేదు. కొంత కంచె పీకాం. అప్పుడు నా వైపు శాకాహారులు వాడి వైపు గడ్డి మేయడానికి పోయాయి, వాడి వైపు మాంసాహారులు ఆ శాకాహారుల కోసం బయల్దేరాయి. మత్తుసూదుల హెలికాప్టర్ పంపించి అన్నిటినీ పడుకోబెట్టి, వాగు ఒడ్డున గుమ్మటం లేపేసరికి ప్రాణం పోయినంత పనైంది. ఈలోగా ఆదివారం రానే వచ్చింది. కానీ ఆ రోజు రాస్తారోకో అని సామాను మోసే డీసీఎం లారీ వాడు రానన్నాడు. తర్వాత రోజు బంద్. ఆ తర్వాతా ఏదో ఒకటి. మమ్మల్ని తరిమేస్తుందని నాన్న భయపడిన ఉద్యమమే మమ్మల్ని గడప దాటనివ్వలేదు. "చూశారా, వాళ్లే వద్దంటున్నారు" అని అమ్మ దెప్పింది. నాన్న మాత్రం పట్టు వదలకుండా మరో ఆదివారం ఖాయం చేశాడు.

ఈ దొరికిన వ్యవధిలో మా గుడ్లు పగిలాయి. గుమ్మటంలో తొండలు ఎగిరాయి. మేమిద్దరం కుర్చీలోంచి లేచి గంతులేశాం. ఆ చప్పుడుకి ఏమైందోనని తాత పైకొచ్చి, మా వెనక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అప్పటిదాకా డైనోసార్లను పెద్దగా పట్టించుకోని మనిషి, రెక్కలున్న వాటిని చూడగానే ముందుకు వంగాడు. కాసేపయ్యాక ఆయన మొహం చిన్నబోయింది.

"ఏందిరా గిది? ఇందాకట్నుంచి గా అద్దానికి తలకాయలు గుద్దుకుంటున్నయ్. పాపం, జర పైన తెరువుండ్రి."

"తెరిస్తే ఎగిరిపోతాయి తాతగారూ" అన్నాను.

"ఎటు పోతయ్? నా కబూతర్లు రోజు మూసారాంబాగ్ బ్రిడ్జి దాక పోయొస్తయ్. నేనేమన్న గుంబజ్ కట్టిన్నా వాటికి?" అని తాత లుంగీ సర్దుకుని పాఠం మొదలుపెట్టాడు. "గూటిదానికి ఒక ఉపాయముంటది బిడ్డా. మేతేసి విడిస్తే అది తిరిగి రాదు. ఏ చెట్టు మీదనో కునుకు తీస్తది, ఇంకెవనిదో డాబా మీద వాలుతది. ఆకలి మీద విడవాలె. కడుపు నిండినోడికి ఇల్లెందుకు? ఆకలైనోడికే గూడు యాదికొస్తది."

ఇంత గొప్ప శాస్త్రం విన్నాక మేమిద్దరం ఏం చేయాలి? పెద్దల మాట చద్దిమూట అన్నారు కదా. మర్నాడు పొద్దుటి నుంచీ తొండలకి చేపలు వేయడం మానేశాం. వాటి ఆకలి చూపించే పచ్చగీత పసుపు అయ్యింది, తర్వాత ఎర్రగా మెరవడం మొదలుపెట్టింది. "ఇగ జాలు, విడువుండ్రి" అన్నాడు తాత. గుమ్మటం పైకప్పు శుభ్రం చేయడానికి తెరిచే బటన్ ఒకటుంది, దాని మీద పుర్రె బొమ్మ కూడా ఉంది. పిల్లర్ భయభక్తులతో దాన్ని నొక్కాడు. తొండలు బాణాల్లా పైకి లేచి, సముద్రం మీద ఒక చుట్టు చుట్టాయి. అందంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. తాత తొడ చరిచాడు. "సూడు, సూడు! చక్కర్ కొడుతున్నయ్. ఇగ వాలుతయ్" అన్నాడు.

వాలాయి. కాకపోతే గూటిలో కాదు, ఐస్‌క్రీమ్ బండి దగ్గర. టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషిని ముక్కుతో ఎత్తుకుని పైకి పోయిందొకటి. "నీ దిక్కోడా, నా దిక్కోడా?" అని అరిచాడు పిల్లర్. ఆ లెక్క తేలకముందే ఇంకోటి మరుగుదొడ్ల దగ్గర క్యూ మీద పడింది. మేం అన్నాళ్లు గొడవపడి కట్టిన సరిహద్దు కంచెను ఆ తొండలు కన్నెత్తి కూడా చూడలేదు. వాడి వైపు జనాన్నీ నా వైపు జనాన్నీ ఏ పక్షపాతం లేకుండా తిన్నాయి. తాత స్టూలు మీంచి లేచి మానిటర్ ముందు నిలబడి "ఆవ్ ఆవ్ ఆవ్" అని పిలవడం మొదలుపెట్టాడు. అది చాలదని కిందికి పరిగెత్తి జొన్నల డబ్బా తెచ్చి తెర ముందు గలగలలాడించాడు. తెర మీద తొండలకి వినపడలేదు కానీ, డాబా మీది పావురాలన్నీ విని వచ్చి మా కిటికీ చువ్వల మీద బారులు తీరాయి. రెండు లోపలికొచ్చి కీబోర్డు మీద వాలాయి. సరిగ్గా అప్పుడే నాన్న ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం జరుగుతోంది ఇక్కడ?"

"ఏం లే సారూ" అన్నాడు తాత, కళ్లు తెర మీంచి తిప్పకుండా. "జనాల్ని తింటున్నయ్."

పార్కు మూతపడింది. ఉన్న నక్షత్రాలన్నీ ఊడిపోయాయి. తాత చాలా నొచ్చుకున్నాడు. "మీ కంప్యూటర్ల తొండలకు ఇమాన్ లేదురా, ఇంత విశ్వాసం లేదు. నా కబూతర్లయితే గిట్ల చేస్తయా?" అని గొణుక్కుంటూ కీబోర్డు మీది పావురాన్ని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ వారమంతా పిల్లర్ ఆయన్ని "తాతా, ఆకలి మీద విడవాలెనా?" అని ఏడిపించాడు. తాత వాడి మీదికి చెప్పు విసిరేవాడు.

చివరికి ఆ ఆదివారం వచ్చింది. ఆ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు, అంటే రోడ్డు మీదే పొయ్యి పెట్టి అక్కడే వండి అక్కడే తిని దారి ఆపేసే నిరసన. అది మొదలయ్యేలోగా తెల్లవారుజామునే చౌరస్తా దాటేయాలన్నది నాన్న వ్యూహం. డీసీఎం కూడా చెప్పిన వేళకే వచ్చింది. కానీ బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుంది. తాత కింద నిలబడి "జర ఇటు, జర అటు" అని ఎంత దారి చూపిస్తే అది అంత గట్టిగా ఇరుక్కుంది. అది ఊడొచ్చేసరికి బాగా పొద్దెక్కింది. వంటింటి సామానంతా ముందే కట్టేశాం కాబట్టి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. కిందింటి నుంచి ఏదైనా వస్తుందని అందరం లోలోపల ఎదురు చూశాం. రోజూ మెట్ల దగ్గర కనిపిస్తే "చాయ్ తాగుతవా బిడ్డా" అనకుండా వదలని తాత ఆ రోజు ఆ మాటే ఎత్తలేదు. పిల్లర్ వాళ్లమ్మ మూతపెట్టిన గిన్నెతో ఉప్మా పట్టుకుని మెట్ల దాకా వచ్చింది. తాత ఆవిడ దగ్గరికెళ్లి మెల్లగా ఏదో అన్నాడు. ఆవిడ గిన్నె పట్టుకుని వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది. అది అమ్మ చూసింది.

డీసీఎం కదిలాక అమ్మ కళ్లొత్తుకుంది. "ఇన్నేళ్లున్నాం. నాకు జ్వరమొస్తే ఆ ఇంట్లోంచే గంజి వచ్చింది. పోయే రోజున ఇంత టీ చుక్క కూడా పోయలేకపోయారు కిందింటి బాబాయిగారు. చూశారా?" అంది. "అందుకే వెళ్లిపోదామన్నాను" అన్నాడు నాన్న, కానీ ఆ గొంతులో గెలిచిన సంతోషమేమీ లేదు. నాకు మాత్రం కోపమొచ్చింది. పిల్లర్‌గాడు కూడా కనపడకుండా తెల్లారే ఎటో పోయాడు. ఒళ్లో గేమ్ సీడీ పెట్టుకుని కూర్చున్నాను. (వెళ్లే ముందు రోజు వాడే ఇచ్చాడు. "ఉంచుకో, మాకు కంప్యూటర్ లేదు గదా" అని ఎటో చూస్తూ అన్నాడు.)

కొత్తపేట దాటి ఎల్బీనగర్ చౌరస్తా దగ్గరికొచ్చేసరికి ముందు బళ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. డ్రైవర్ ఇంజన్ ఆపి, "ఇగ అయిపాయె సార్. పొద్దుమూకే దాక కదలదు" అని బీడీ ముట్టించాడు. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిల మీద కొప్పెరలంత గిన్నెల్లో కిచిడీ ఉడుకుతోంది. డప్పులు మోగుతున్నాయి, ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ ఆడుతున్నారు. మంటలు చూసి నాన్న ముందు బెదిరాడు కానీ, ఆ మంట మీద ఉడుకుతున్నది కిచిడీయే. కాపలాకొచ్చిన పోలీసులు కూడా లాఠీలు చంకలో పెట్టుకుని ఇస్తరాకులు పట్టుకుని తింటున్నారు. అప్పుడే పెదనాన్న ఫోనొచ్చింది. "ఎల్బీనగర్ టీవీలో చూపిస్తున్నారు! పొగలు లేస్తున్నాయి! అక్కడెలా ఉంది?" అని ఆయన అరుస్తుంటే మాకందరికీ వినపడుతోంది. నాన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. "కిచిడీ వాసన వస్తోంది అన్నయ్యా."

ఆ గిన్నెల వెనక గుంపులోంచి ఒక తల అందరికంటే పైకి కనిపించింది. పిల్లర్. చేతిలో పెద్ద గరిటె. మమ్మల్ని చూసి వాడి నోరు తెరుచుకుంది. మేమెప్పుడో చౌరస్తా దాటిపోయి ఉంటామనుకున్నాడు. ఇస్తరాకుల్లో కిచిడీ పెట్టుకుని పరిగెత్తుకొచ్చి డీసీఎం కిటికీలోంచి అందించాడు. నాన్న చేయి చాపలేదు. "మేం తినే బయల్దేరాం బాబూ" అన్నాడు. పిల్లర్ నా వైపు తిరిగి, "తిన్నవా గుంటూరూ?" అని అడిగాడు. నా కడుపులో అప్పటికే డప్పుల మోత. నాన్న మొహం చూసి "తిన్నా" అన్నాను. వాడు ఆ ఆకులు రెండూ డ్రైవర్‌కిచ్చి వెళ్లిపోయాడు. డ్రైవర్ మా ముగ్గురి పక్కనే కూర్చుని, ఒక్కొక్క ముద్దా కలుపుకుంటూ, "మస్తుంది సార్, ఉల్లిగడ్డ జర తక్కువైంది" అని మాకు వివరిస్తూ తిన్నాడు.

ఎండ నెత్తికెక్కింది, దిగింది. నాన్న కొంచెం సేపు గుంటూరు వైపు రోడ్డు చూశాడు, కొంచెం సేపు కిచిడీ వైపు చూశాడు. ఆఖరికి డ్రైవర్ చేతులు కడుక్కొచ్చి, "ఏం జేద్దం సార్? ఎన్కకు తిప్పాలంటే గీ సందుకెల్లి పోవచ్చు. ముందటికంటే రాత్రయితది. ఇంటికి పోతరా?" అన్నాడు.

"ఏ ఇంటికి?" అన్నాడు నాన్న.

"అన్నం దొరికే ఇంటికి" అంది అమ్మ.

నాన్న జేబులో చెయ్యి పెట్టి, తాళం తాతకి ఇచ్చేశామని అప్పుడు గుర్తొచ్చినట్టు ఖాళీ చెయ్యి బయటికి తీశాడు. ఆ చేత్తోనే బండి తిప్పమని సైగ చేశాడు. అది చూసి నేను ఏడ్చానో నవ్వానో ఇప్పుడు చెప్పలేను. రెండూ అయ్యుంటాయి.

మా సందు మలుపు తిరిగేసరికి పావురాలు దిగే వేళయింది. డాబా అంచున తాత నిలబడి ఆకాశంలోకి చూస్తూ డబ్బా గలగలలాడిస్తున్నాడు. "ఆవ్ ఆవ్ ఆవ్..." పావురాలు చుట్టూ తిరిగి ఒక్కొక్కటే వాలుతున్నాయి. డీసీఎం వచ్చి గేటు ముందు ఆగింది. తాత ఒకసారి కిందికి చూశాడు. ఆశ్చర్యపోలేదు. ఆలస్యంగా వచ్చిన పావురాన్ని అడిగినట్టే, "ఒచ్చిన్రా? కాళ్లు కడుక్కోండ్రి, అన్నమయ్యింది" అన్నాడు.

నిజంగానే అయ్యింది. కిందింట్లో పెద్ద గిన్నె నిండా అన్నం, పప్పుచారు, వంకాయ కూర. ఆ ఇంటి మనుషులకి అంత అన్నం ఏ పండక్కీ వండరు. అమ్మ కూర్చుని రెండోసారి కూడా పెట్టించుకుంది. నాన్న తల వంచుకుని తింటున్నాడు. తాత స్వయంగా గరిటె పట్టుకుని నాన్న పళ్లెంలో ఇంకొంత వేసి, "బాగ తినుండ్రి సారూ. ఇగ ఎటు పోయేదుంది?" అన్నాడు. నాన్న తలెత్తకుండానే "ఎటూ లేదండీ" అన్నాడు. తాత నా దగ్గరికొచ్చి చారు పోస్తూ వంగి, మీసం కింద నవ్వు దాచుకుని, "ఏం గుంటూరూ? కంప్యూటర్ల పన్జెయ్యలే గని, గీడ పన్జేసింది సూడు" అన్నాడు. నాకు వెంటనే తట్టలేదు. తర్వాత వెనక్కి తిరిగిపోయిన ఆ ఉప్మా గిన్నె కళ్ల ముందు కదిలింది. చారు వేడిగా ఉందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

ఆ రాత్రే కంప్యూటర్ డబ్బాలోంచి బయటికొచ్చింది. పిల్లర్ చౌరస్తా నుంచి పొగ వాసనతో వచ్చి, "జరుగు గుంటూరూ" అని సగం కుర్చీ ఆక్రమించాడు. కొత్త పార్కు మొదలుపెట్టాం. ఈసారి నడుమ కంచె వేయలేదు, గుమ్మటం కప్పు తెరవలేదు. పేరు తాతే పెట్టాడు, కబూతర్‌ఖానా అని. తర్వాత రాష్ట్రం వచ్చింది, ఊరేగింపులు జరిగాయి, నాన్న ట్రాన్స్‌ఫర్ మాట మర్చిపోయాడు, పెదనాన్నే దవాఖాన పనుల మీద వచ్చి మా ఇంట్లో నెలలు నెలలు ఉండసాగాడు. తాత పోయాక పావురాలు కొన్నాళ్లు డాబా మీద తిరిగి ఎటో వెళ్లిపోయాయి. ఇన్నేళ్లలో ఆ ఆట ఆఖరి నక్షత్రం మాత్రం మాకు దక్కలేదు.

ఇప్పుడు నేను నాగోల్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. పావురాలు బాల్కనీని పాడు చేస్తున్నాయని మా ఆవిడ రోజూ గొడవ. మొన్న వల వేయించడానికి మనిషిని పిలిచాం. వచ్చిందెవరు? పిల్లర్. ఉప్పల్ నుంచి హయత్‌నగర్ దాకా బాల్కనీలకి పావురాల వలలు బిగించే కాంట్రాక్టు వాడిదే. (వాడు బిగిస్తే నిచ్చెన ఖర్చు కలిసొస్తుంది.) "తాత సూస్తే చెప్పుతోటి కొడుతుండె" అని వాడే నవ్వాడు. వాడు మేకులు కొడుతూ, నాకు అందని చోట వల లాగుతూ, నేను కింద పట్టుకుంటే "జర ఇటు, జర అటు" అంటూ, ఇద్దరం కలిసి ఇన్నాళ్లకి ఒక గుమ్మటం సరిగ్గా కట్టాం. ఆఖరి మూల దగ్గరికొచ్చాక ఇద్దరం ఆగిపోయాం. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ మూల బిగించకుండా పిడికెడంత సందు వదిలేశాం. మా ఆవిడ ఇంకా చూడలేదు.

పని అయ్యేసరికి మధ్యాహ్నమైంది. మా ఆవిడ పళ్లెం పెట్టి, "భోజనం చేసి వెళ్లండి అన్నయ్యా" అంది. పిల్లర్ కూర వైపు ఆశగా చూసి, చెప్పులు వేసుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

"ఒద్దు చెల్లె. ఆకలి మీదనే పోతా" అన్నాడు నా వైపు చూసి. "మల్ల రావాలె గదా."